ఫ్యాన్ ఆపిన చెయ్యి

"గాలి ఆడక చనిపోయింది. చంపినవాళ్ళు ఎవరూ లేరు. ఇంకా ఏం వెతుకుతారు మేడమ్?"

సీలు వేసిన ల్యాబ్ గది గుమ్మానికి అడ్డంగా నిలబడి అన్నాడు ఇన్‌స్పెక్టర్. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని చాటుగా ‘మూత’ అంటారు, ఏ కేసుకైనా తెరిచిన రోజే మూత పెట్టేస్తాడని. చెడ్డవాడేం కాదు. చెయ్యి చాచే రకం అంతకన్నా కాదు. పని మిగిలిపోతే ముద్ద దిగని మనిషి, అంతే. అలాంటివాడు శుభ్రంగా ముగించిన కేసును బయటికి లాగి, క్రైమ్ బ్రాంచి నుంచి వచ్చిన ఒక ఆడమనిషి చేతిలో పెడితే ఒళ్ళు మండదూ మరి.

ఆమెకూ ఒక పెట్టుడు పేరుంది. సూది. అడిగిందే అడిగి, గుచ్చి గుచ్చి అడిగి, ఎదుటివాడి ఓపిక చచ్చాక నిజం లాగుతుందని. ఆ పేరు విని ఆమె ఎప్పుడూ నొచ్చుకోలేదు. కానీ ఈ ఉదయం ఆమె మనసు ఈ గుమ్మం దగ్గర సగమే ఉంది. మిగతా సగం కారిడార్ చివర, చెక్క బెంచీ మీద, అన్నయ్య పక్కన ఉండిపోయింది.

అన్నయ్య కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం పిలిచే మనిషి. నాన్న పోయిన ఏడాది ఆ పనిలో చేరాడు. తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండ ఎక్కేదాకా గొంతు చించుకుని, ఆ గొంతుతోనే చెల్లెల్ని చదివించాడు. అలాంటివాడి నాలుక అంచున పుండు లేచింది. మానలేదు. క్యాన్సర్ అన్నారు. సగం నాలుక తీసేయాలి, ఆలస్యం చెయ్యకండి అన్నాడు సర్జన్. సరిగ్గా అప్పుడే ఈ పరిశోధనశాల పేరు చెవిన పడింది. కొండ అంచుల్లో పెరిగే ఒక తీగ ఆకులోంచి వీళ్ళు ఒక పదార్థం తీశారు. నోటి క్యాన్సర్ కణాల మీద వేస్తే కణాలు మాడిపోయాయట. ఆపరేషన్‌కి ముందు ఆరు వారాలు ఆ చుక్కలు వాడి చూడటానికి కొందరు పేషెంట్లను తీసుకున్నారు. వాళ్ళలో అన్నయ్య ఒకడు. ఇప్పుడు ఐదో వారం. పుండు తగ్గుతోందని అన్నయ్య అంటాడు. సూదికి అలా కనపడదు. అయినా పోయిన వారం అన్నయ్య తేల్చి చెప్పేశాడు, ఇక ఆపరేషనే వద్దని.

ఆ ఆకు నిజం చెబితే అన్నయ్య నాలుక నిలుస్తుంది. అబద్ధం చెబితే, పోయిన ఐదు వారాలను ఎవరూ తెచ్చివ్వలేరు. ఆమె ఆ ఆలోచనను పక్కకు నెట్టి ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది.

"సీలు తియ్యండి" అంది.

"తీస్తాను. తీసేముందు ఒక్క మాట. మీ అన్నగారు ఇక్కడి మందే వాడుతున్నారట. ఈ కేసు మీకెలా ఇచ్చారో నాకు అర్థం కావడం లేదు."

"కేసు తీసుకోమని అడిగిన వెంటనే ఆ సంగతి పైవాళ్ళకి చెప్పాను. చూసి రమ్మన్నారు. చనిపోయిన అమ్మాయి తండ్రి ఆ పైవాళ్ళ గుమ్మం దగ్గర రెండు రోజులు కూర్చున్నాడు. మా అమ్మాయి అజాగ్రత్త మనిషి కాదు, ఆ ఒక్కటీ చూడండి చాలు అన్నాడట."

"కూతురు పోయిన తండ్రి ఇంకేమంటాడు మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాటలో వెటకారం లేదు. సీలు తీశాడు.

చనిపోయిన అమ్మాయి ఇక్కడ క్యాన్సర్ కణాలను పెంచేది. ఫ్లాస్కుల్లో పెరిగే కణాలకు రోజు విడిచి రోజు మేత మార్చాలి, ఆదివారమైనా పండగైనా. చంటిపిల్లల్ని సాకినట్టు సాకుతుందని అందరూ ఆమెను ‘దాది’ అనేవాళ్ళు. సోమవారం పొద్దున పేషెంట్లకు చుక్కల సీసాలు పంచింది. మధ్యాహ్నం కాకముందే నైట్రోజన్ గదిలో నేల మీద పడి ఉంది.

ఆ గది స్నానాల గది కన్నా కాస్త పెద్దది. కిటికీ లేదు. గోడవార పీపాల్లాంటి రెండు ట్యాంకులు. వాటి నిండా గడ్డకట్టించేంత చల్లటి నైట్రోజన్ ద్రవం, అందులో ఏళ్ళ తరబడి నిద్రపోతున్న కణాలు. నైట్రోజన్ విషం కాదు. కానీ ఒలికితే ఆవిరై గదంతా పరుచుకుని, ఉన్న గాలిని బయటికి గెంటేస్తుంది. వాసన ఉండదు, దగ్గు రాదు. రెండు ఊపిరులు తీసేసరికి మనిషి కూలిపోతాడు. అందుకే గోడకు ఒక ఫ్యాన్ ఉంది, లోపలి గాలిని బయటికి తోసేందుకు. గాలి తగ్గితే మోగే అలారం కూడా ఉంది. దాని వైరు ఊడదీసి ఉంది.

"ఊరికే మోగుతోందని నెల కిందటే వీళ్ళే పీకేశారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఫ్యాన్ ఆపి ఉంది. మోసుకెళ్ళే క్యాను ఖాళీగా ఉంది. ట్యాంకులో పొయ్యబోయి ఒలకబోసుకుంది, ఫ్యాన్ వెయ్యడం మర్చిపోయింది. ఇందులో అర్థం కానిదేముంది?"

సూది జవాబు చెప్పకుండా పక్క గదిలోకి వెళ్ళింది. అదీ మూడు రోజులుగా సీలులోనే ఉంది. బల్ల మీద ఒక నీళ్ల తొట్టి సన్నగా గుయ్యిమంటోంది. వేలు పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. అందులో మెడదాకా మునిగి ఒక మేత సీసా. పక్కన కొత్త ఫ్లాస్కు, దాని మీద సోమవారం తేదీ, గుండ్రటి చేతిరాత.

"ఆకుల డాక్టర్ని పిలవండి" అంది.

ఆకుల డాక్టర్ అంటే ఆ తీగలోంచి మందు తీసిన కెమిస్టు. నలభై దాటిన మనిషి. బస్తాలకొద్దీ ఆకు ఎండబెట్టి, నానబెట్టి, వడగట్టి, చివరికి చెంచాడు పసుపు రంగు పొడి తీయడానికి జుట్టంతా నెరిపించుకున్నాడు. మూడు రోజులుగా నిద్ర లేనట్టు కళ్ళు వాచి ఉన్నాయి.

"ఈ తొట్టి ఎందుకు వేడి చేస్తారు?"

ఆయన తొట్టి వైపు చూశాడు. 

"గడ్డకట్టిన కణాల్ని లేపడానికి మేడమ్. ట్యాంకులోంచి తీసిన సీసాను నిమిషంలో కరిగించాలి, లేకపోతే చచ్చిపోతాయి. అందుకే నీళ్ళు వెచ్చబడ్డాకే ట్యాంకు మూత తీస్తాం."

"అంటే ఆ అమ్మాయి ట్యాంకులో నైట్రోజన్ పొయ్యడానికి వెళ్ళలేదు. సీసా తీయడానికి వెళ్ళింది."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "ఏ పనికి వెళితేనేం మేడమ్."

"ఏ పనికి వెళ్ళిందో తెలియకుండానే ఒలకబోసుకుందని రాశారు కదా, అందుకడిగాను." మళ్ళీ ఆకుల డాక్టర్ వైపు తిరిగింది. "ఇంక్యుబేటర్ నిండా కణాలు పెరుగుతున్నాయిగా. పాతవి లేపాల్సిన అవసరం ఏమొచ్చింది?"

ఆయన పెదవి కొరుక్కున్నాడు. ముందు ట్యాంకు చూద్దాం రండి, చెబుతాను అన్నాడు.

నైట్రోజన్ గదిలో నేలకు పరిచిన రబ్బరు షీటు తలుపు దగ్గర బీటలు వారి ఉంది. తెల్లటి సన్నటి గీతలు సాలెగూడులా పాకాయి. ఒక్క చోట అంత చలి తగిలితేనే అలా చిట్లుతుందని, క్యాను నిండా కుమ్మరిస్తే తప్ప అంత మేర చిట్లదని ఆకుల డాక్టర్ చెప్పాడు. ట్యాంకులు చూస్తే ఆ మూలనున్నాయి. ట్యాంకులో పొయ్యబోయినవాళ్ళు తలుపు దగ్గర ఎందుకు ఒలకబోస్తారు? ఇన్‌స్పెక్టర్ వంగి ఆ బీటలను తడిమి చూశాడు.

ఆకుల డాక్టర్ చేతి తొడుగుల కోసం కొక్కేల వైపు చెయ్యి చాపి, ఆగిపోయాడు. మోచేతులదాకా వచ్చే మందపాటి నీలం తొడుగులవి.

"వీటిని ఇలా ఎవరు తగిలించారు?"

"ఎలా?"

"మూతి పైకి పెట్టి. మేం వేళ్ళ కొసలు కొక్కేనికున్న క్లిప్పుకి పెట్టి మూతి కిందికి వేలాడదీస్తాం. చెమ్మ లోపలికి దిగితే మరోసారి వేసుకున్నప్పుడు ఆ చలికి వేళ్ళు కాలిపోతాయి. ఇక్కడ చేరిన మొదటి రోజు నేర్పేది ఇదే. మా స్వీపరమ్మ కూడా ఇలా తగిలించదు."

"ఆ అమ్మాయి ఒలకబోసుకుని పడిపోయి ఉంటే తొడుగులు చేతులకే ఉండాలి" అంది సూది, ఇన్‌స్పెక్టర్‌కి వినపడేలా. "పడిపోయినవాళ్ళు లేచొచ్చి తొడుగులు కొక్కేనికి తగిలించరు. ఇంకెవరో క్యాను కుమ్మరించారు. తొడుగులు తీసి తగిలించారు. ఫ్యాన్ ఆపి వెళ్ళిపోయారు. తర్వాత ఆ పిల్ల వచ్చింది."

"వచ్చినామె ఫ్యాన్ వేసుకోవాలిగా మరి?"

దానికి జవాబు ఆకుల డాక్టర్ చెప్పాడు. "ఆ ఫ్యాన్ వెయ్యడం, ఆపడం అనేవి ఉండవు సార్. ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఆ స్విచ్ మీదికి మా చెయ్యే పోదు. పక్క గదుల మోటార్ల రొదలో అది తిరుగుతోందో లేదో కూడా వినపడదు. లైటు వేసుకుని లోపలికి వచ్చేసి ఉంటుంది. ఆ సీసా అడుగు వరసలో ఉంది. తొడుగులు వేసుకోకముందే ఆ వరస చూసుకోవడానికి కిందికి వంగి ఉంటుంది." ఆయన అక్కడితో ఆపి, గోడకు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. చల్లటి నైట్రోజన్ నేలబారునే నిలుస్తుందని ఆయనకు చెప్పక్కర్లేదు.

 సూది మెల్లగా అడిగింది. "ఏ సీసా?"

"తొమ్మిదేళ్ళ కిందటిది. ఒకాయన దవడలోంచి తీసిన క్యాన్సర్ గడ్డ నుంచి పెంచిన మొదటి కణాలు. ఇప్పుడు మేం ఆకు మందు పరీక్షించే కణాలన్నీ వాటి సంతానమే. అలాగనే అనుకున్నాం." ఆయన మాటలు వెతుక్కున్నాడు. "దాదికి అనుమానం వచ్చింది మేడమ్. మైక్రోస్కోపు కింద వాటి తీరు మారిందనేది. మరీ వేగంగా పెరుగుతున్నాయనేది. ఇదే ఇంక్యుబేటర్లో వేరే క్యాన్సర్ కణాలు కూడా పెంచుతాం. రెండింటికీ ఒకే మేత సీసా వాడితే, ఆ సీసాలో ఒక్క చుక్క కలిస్తే చాలు. గట్టివి పెరిగి, బలం లేనివాటిని లేకుండా చేసేస్తాయి. పైన లేబుల్ మాత్రం పాతదే ఉంటుంది. ఎప్పుడో, ఎవరో, హడావిడిలో ఆ పని చేసి ఉంటారు. ఆమె ఎవరికీ చెప్పకుండా కాస్త నమూనాని బయటి ల్యాబ్‌కి పంపింది. వాళ్ళు నిన్న నాకు ఫోన్ చేశారు."

"ఏమన్నారు?"

"గడ్డ ఇచ్చినాయన మగాడు మేడమ్. మా ఫ్లాస్కుల్లో ఉన్నవి ఒక ఆడమనిషి కణాలు. నోటివే కావు."

 సూది ట్యాంకు అంచు పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అంటే ఆ ఆకు..."

"ఆకు అబద్ధం చెప్పలేదు. మేమే అడగాల్సిన కణాల్ని అడగలేదు. నోటి క్యాన్సర్ మీద అది పనిచేస్తుందో లేదో ఇప్పటికీ మాకు తెలియదు. మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటూ రావాలి. ఏళ్ళు పడుతుంది."

బెంచీ మీద ఉన్నాయనకు ఏళ్ళు లేవు. సర్జన్ లెక్కలో వారాలే ఉన్నాయి. సూదికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కాస్తా కోపంగా మారి, ఈ పరిశోధనశాలకు పెద్ద అయిన ప్రొఫెసర్ గది వైపు నడిపించింది. ఇన్‌స్పెక్టర్ వెనకాలే నడిచాడు.

ప్రొఫెసర్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. పెద్దమనిషి. దాది నా కూతురి లాంటిది అని మొదలుపెట్టాడు.

"కూతురు లాంటి అమ్మాయి కణాలు తేడాగా ఉన్నాయని చెప్పినప్పుడు మీరేమన్నారు?" అంది సూది, కూర్చోకుండానే.

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తొందరపడొద్దన్నాను. వచ్చే వారం నేను ఈ ఫలితాలు పెద్ద సభలో చదవాలి. అయ్యాక చూద్దాం అన్నాను."

"నిన్న ఫోన్ వచ్చిన సంగతి?"

"తెలుసు."

"తెలిసీ ఈ పొద్దున పేషెంట్లకి చుక్కలు ఇప్పిస్తున్నారు."

"ఇంకోసారి ఖాయం చేసుకోవాలి కదమ్మా. రేపు ఆ రిపోర్టే తప్పని తేలితే? ఒక్క ఫోన్ నమ్మి ఇంతమంది ఆశ మీద నీళ్ళు చల్లమంటారా?"

"చల్లండి. నీళ్ళు చల్లితే లేచి ఆపరేషన్‌కి వెళతారు."

ఆయన ముఖం ఎర్రబడింది. "మీరు చావు గురించి వచ్చారు. దాని గురించి అడగండి."

"దాని గురించే అడుగుతున్నాను. ఆ పాత సీసా లేస్తే మీ పరువు పోతుంది. దాన్ని లేపబోయిన పిల్ల పోయింది. సోమవారం ఆ వేళకి మీరెక్కడున్నారు?"

ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. "అది నేను చూశాను మేడమ్. తొమ్మిదిన్నర నుంచి పన్నెండుదాకా కింద హాల్లో పాఠం చెబుతున్నారు. వందమంది పిల్లలు చూశారు. ఆకుల డాక్టర్ కూడా ఆ హాల్లోనే, స్లైడ్లు మారుస్తూ. మిగతా స్టాఫ్ అంతా అక్కడే. పైన ఉన్నది ఆ అమ్మాయి ఒక్కతే."

అది నిజమే. ప్రొఫెసర్ పరువు కోసం పిరికివాడయ్యాడు. అది నేరమే, కానీ ఆమె వెతుకుతున్న నేరం కాదు. బయటికి వస్తూ గుమ్మంలో ఆగింది.

"మీరు చెబుతారా, వాళ్ళకి నన్ను చెప్పమంటారా?"

ప్రొఫెసర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "సర్జన్‌ను కూడా పిలిపించి, మధ్యాహ్నం నేనే చెబుతాను" అన్నాడు. ఆ గొంతుకు అరగంటలో పదేళ్ళు పైబడ్డాయి.

మెట్ల దగ్గర కిటికీ పక్కన ఇద్దరూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నేను తొందరపడ్డాను మేడమ్. తొట్టి నేనూ చూశాను. ఎందుకు వెచ్చగా ఉందో అడగాలని తోచలేదు. ప్రమాదం అన్న మాట కొట్టేస్తాను."

అంత సూటిగా తప్పు ఒప్పుకునే మనిషి అని ఆమె అనుకోలేదు. "థాంక్స్" అంది. "కానీ ఇప్పుడు అనుమానించడానికి నా దగ్గరా ఎవరూ లేరు. కారణం ఉన్నవాళ్ళంతా కింద పాఠంలో ఉన్నారు."

"నాకొకటి అనిపిస్తోంది, నవ్వకండి." ఆయన టోపీని చేతిలో తిప్పుతూ అన్నాడు. "చంపాలనుకున్నవాడు ఫ్యాన్ ఆపాడనుకుంటున్నాం. కానీ ల్యాబ్ వాడైతే తొడుగులు అలా తగిలించడు. ల్యాబ్ వాడు కాకపోతే ఫ్యాన్‌కీ ప్రాణానికీ ముడి ఉందని వాడికి తెలియదు. మరి ఎందుకు ఆపినట్టు? మా ఆవిడ రోజూ నన్ను తిడుతుంది మేడమ్, గదిలోంచి వచ్చేటప్పుడు ఫ్యాన్ ఆపవేంటని. ఇది ఇళ్ళల్లో చేసే పని. వాడు చంపడానికి ఆపలేదు. అలవాటు కొద్దీ ఆపాడు. బయటి మనిషి, ఇల్లు నడిపే మనిషి. సోమవారం చుక్కల కోసం వచ్చినవాళ్ళలో..."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. సూదికి వినపడటం లేదు.

సోమవారం పేషెంట్లు పదింటికల్లా వెళ్ళిపోతారు. ఆమె అన్నయ్యను తీసుకెళ్ళడానికి ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. బెంచీ మీద ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గది దాటితే ఫ్యాన్ ఆపు, లైటు ఆపు అని చిన్నప్పుడు ఆమె వెనకే తిరుగుతూ కసిరిన మనిషి. కాదులే అనుకుంది. కాకూడదు అనుకుంది. ఈ రెండూ ఒకటి కావని ఆమె కన్నా బాగా ఎవరికి తెలుసు?

"ఒక్క నిమిషం ఇక్కడే ఉండండి" అని కారిడార్లోకి నడిచింది.

అన్నయ్య అలాగే కూర్చున్నాడు. ఈ పొద్దున ఇచ్చిన చుక్కల సీసా గుప్పిట్లో ఉంది. చెల్లెల్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"అయిందా పని? ముఖం అలా ఉందేం, పొద్దున ఏమీ తినలేదా?" మాట ముద్దగా వచ్చింది. ఒకప్పుడు మార్కెట్టు అవతలి గేటుదాకా వినపడిన గొంతు అది.

ఆమె కూర్చుంది. ఎంతమందిని అడిగి ఉంటుందో, ఎన్ని రకాలుగా అడిగి ఉంటుందో. అన్నయ్యను ఎలా అడగాలో తెలియలేదు.

"అన్నయ్యా, సోమవారం నేను వచ్చేలోపు ఆ ట్యాంకుల గదిలోకి వెళ్ళావా?"

ఆయన వెంటనే తల దించుకున్నాడు. అబద్ధం ఆడదామన్న ఆలోచన కూడా రాలేదు ఆ మనిషికి.

"వెళ్ళాను. నీకు చెబుదామనే అనుకున్నా చిట్టీ. ఆ పిల్ల పోయిందని తెలిశాక, ఇక చెప్పి ఏం లాభంలే అనుకున్నా."

"ఏం చేశావు?"

"అందరూ వెళ్ళాక ఆ పిల్ల నా పక్కన కూర్చుంది, ఇప్పుడు నువ్వు కూర్చున్నట్టే. బాబాయ్ గారూ, ఈ మందు మీద నాకు నమ్మకం పోతోంది, మీరు ఆపరేషన్‌కి వెళ్ళిపోండి అంది. ఇవాళ పాత కణాలు తీసి చూస్తాను, తప్పని తేలితే మందు ఆపించేస్తాను అంది. ఎక్కడున్నాయమ్మా అవి అంటే, ఆ చల్ల గదిలో అని చెయ్యి చూపించింది. పాపం, నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది." అన్నయ్య ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఎక్కువ మాట్లాడితే నొప్పి. "ఆ పిల్ల నీళ్ళు వెచ్చబెట్టుకోవడానికి వెళ్ళింది. నాకు భయమేసిందే. ఆ పాతవి పాడైపోతే చూడటానికేం ఉండదు, మందు ఆగదు అనుకున్నా. గదిలోకి వెళ్ళా. తలుపు దగ్గరే డబ్బా ఉంది, మూత సందులోంచి పొగలొస్తోంది. అందులోనే ఉంటాయనుకున్నా. అక్కడున్న తొడుగులు వేసుకుని మొత్తం నేల మీద పారబోశా. చూస్తే పొగ తప్ప ఏం లేదు. కళ్ళు తిరిగినట్టయింది. తొడుగులు ఎక్కడివక్కడ పెట్టేసి వచ్చేశా."

"ఫ్యాన్ ఆపావా?"

"వచ్చేటప్పుడు ఆపనా మరి? లైటూ ఆపా, తలుపూ వేశా." అన్నయ్య ఆమె వైపు తిరిగాడు. "ఎందుకే? దానికీ ఆ పిల్లకీ సంబంధం ఏంటి? గ్యాసేదో లీకై పోయిందన్నారుగా."

ఆయనకు నిజంగా తెలియదు. మూడు రోజులుగా ఆ పిల్ల కోసం ఆయన ఇంట్లో ముద్ద ముట్టకుండా కూర్చుంటే, నోటి నొప్పి అనుకుంది తను. ఇన్‌స్పెక్టర్ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు, దూరంగా, కిటికీ వైపు తిరిగి. ఇప్పుడే లేచి వెళ్ళి, మీరు రాసిందే నిజం, ప్రమాదమే, ఉంచేయండి అంటే చాలు. ఆయన మూత పెట్టేస్తాడు. తొట్టి స్విచ్ ఆపితే చల్లారిపోతుంది, తొడుగులు తిప్పి తగిలిస్తే సరిపోతుంది. ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. రాలేదని ఎవరితోనైనా అనగలదు కానీ తనతో తను అనలేదు. దాని వెనకే, అధికారి గుమ్మం దగ్గర రెండు రోజులు కూర్చున్న ఒక తండ్రి గుర్తొచ్చాడు. మా అమ్మాయి అజాగ్రత్త మనిషి కాదు, ఆ ఒక్కటీ చూడండి చాలు.

ఆమె అన్నయ్య చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. చెప్పింది. డబ్బాలో ఉన్నదేమిటో, అది గాలిని ఏం చేస్తుందో, ఆ ఫ్యాన్ ఎందుకు తిరుగుతూ ఉండాలో, ఆ పిల్ల దేని కోసం కిందికి వంగిందో చెప్పింది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి, ఆ ఊపులోనే రెండోది కూడా చెప్పేసింది. ఆ పిల్ల అనుమానం నిజమేనని. ఈ మందు పనిచేస్తుందని ఎవరూ చూడలేదని.

 అన్నయ్య గుప్పిట విప్పి సీసా వైపు చూసి, దాన్ని బెంచీ మీద పెట్టాడు. నోరు తెరిచి ఏడిస్తే నొప్పని, నోరు మూసుకునే ఏడ్చాడు. చెల్లెలు ఆయన వీపు మీద చెయ్యేసి కూర్చుంది.

"నన్ను బతికించాలని చూసిందే ఆ పిల్ల" అన్నాడు చివరికి.

"అవునన్నయ్యా."

"వాళ్ళ అమ్మానాన్నలకి తెలుసా?"

"ఇంకా తెలియదు. వాళ్ళ పిల్ల అజాగ్రత్త వల్లే జరిగిందని రాసి ఉంది."

అన్నయ్య భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ సర్జన్‌తో చెప్పు, ఆపరేషన్‌కి ఒప్పుకున్నానని. రేపంటే రేపే. ఆ పిల్ల చివరిసారి అడిగింది అదొక్కటే." ఆయన మెట్ల వైపు చూపించాడు. "ముందు ఆయన్ని పిలువు. ఇదంతా నా నోటితో నేనే చెప్పాలి."

"ఇవాళ వద్దన్నయ్యా. ఆపరేషన్ అవనీ. కోలుకున్నాక చెబుదువుగాని."

"అప్పుడు చెప్పడానికి నాకు నాలుకేది చిట్టీ?"

ఆమె లేచి నిలబడి ఇన్‌స్పెక్టర్‌ను పిలిచింది.